ఎర్ర మూత బ్యాగు

ఆ రోజు తొమ్మిదో తరగతికి ద్రావణాల పాఠం చెబుతున్నాను. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాతో ఉప్పు వేసి కలుపుతూ, ఇక కరగని ఉప్పు అడుగున మిగిలే దాకా పిల్లల్ని చూడమన్నాను. కలిపి కలిపి చెయ్యి నొప్పెట్టింది. ఆయాసం వచ్చి కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నాక చూసుకుంటే చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. పొద్దున వేసుకున్నప్పుడు వదులుగానే ఉన్న చెప్పులు అవి.

అప్పటికే కొన్నాళ్ళుగా మొహం ఉబ్బుతోంది. పెదబయలు దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను ఫిజికల్ సైన్సు టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు, బడి క్వార్టర్స్‌లో ఒక్కదాన్నే ఉంటాను. పుట్టి పెరిగింది గూడెం కొత్తవీధికి పైనున్న కొండ ఊళ్ళో. నన్ను చూసిన వాళ్ళంతా "మేడమ్‌గారు ఒళ్ళు సేసినారు" అని మెచ్చుకునేవారు. బక్కపల్చటి మనిషిని కదా, నాకూ సంతోషంగానే ఉండేది. నీరు పట్టడాన్ని ఒళ్ళు చెయ్యడం అనుకున్న సైన్సు టీచర్ని బహుశా నేనొక్కదాన్నే.

పాడేరు ఆసుపత్రిలో డాక్టరుగారు బీపీ చూసి, నమ్మకం కలగక రెండో చేతికి కూడా పట్టీ కట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది బీపీ?"

"నాకు బీపీ లేదండి."

"ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"లేదండి."

"మరి లేదని ఎలా తెలిసింది?"

రక్తం తీశారు, యూరిన్ పరీక్ష చేశారు. కిడ్నీలు వడకట్టి పంపెయ్యాల్సిన క్రియాటినిన్ రక్తంలో బాగా ఎక్కువగా ఉందని, వెంటనే విశాఖపట్నం వెళ్ళమని రాశారు. అక్కడ స్కాన్ చేసిన నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీల డాక్టరు, తెర నా వైపు తిప్పి, "రెండు కిడ్నీలూ చిన్నవైపోయాయి మేడమ్. బీపీ చాలా ఏళ్ళుగా తింటూ వచ్చింది. మందులతో వెనక్కి రావు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలీ లేదు. అందుకే నమ్మాను.

ట్రాన్స్‌ప్లాంట్ మాట వచ్చింది. తమ్ముడు ముందుకొచ్చాడు. పరీక్షల్లో వాడికీ బీపీ ఉందని తేలి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇక మిగిలింది డయాలసిస్. హీమో డయాలసిస్ అయితే వారానికి మూడుసార్లు రక్తం వడకట్టే మిషన్ పెట్టించుకుని పడుకోవాలి. అంటే కొండ దిగి, బడి వదిలి, విశాఖపట్నంలో గది తీసుకుని ఉండాలి. నేను ఆ ఊళ్ళో ఉండలేను. సముద్రం చూస్తే నాకు దిగులు.

"ఇంకో దారి ఉంది. పెరిటోనియల్ డయాలసిస్. ఇంట్లోనే, మీకు మీరే చేసుకోవచ్చు" అన్నారు డాక్టరుగారు. "మీ సబ్జెక్టే మేడమ్. చక్కెర ద్రావణం పొట్టలోకి పంపిస్తాం. అక్కడొక పల్చటి పొర ఉంటుంది, పెరిటోనియం. నీరు ఎటు నుంచి ఎటు వెళ్తుందో చెప్పండి."

"పల్చన వైపు నుంచి చిక్కన వైపుకి" అన్నాను. ద్రవాభిసరణం. ఏటేటా బంగాళదుంపకు గుంట చేసి, అందులో పంచదార నింపి పిల్లలకు చూపించేదాన్ని. ఇప్పుడు ఆ బంగాళదుంప నేనే. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

పొట్టకు చిన్న ఆపరేషన్ చేసి కేథటర్ అనే సన్నటి గొట్టం పెట్టారు. నర్సమ్మ దగ్గరుండి నేర్పింది. చేతులు కడుక్కునే పద్ధతి, మాస్కు, పొట్టలోని పాత నీరు డ్రెయిన్ చెయ్యడం, చక్కెర ద్రావణం ఉన్న కొత్త బ్యాగు ఎక్కించడం. "పసుపు మూతది పల్చన. పచ్చ మూతది మధ్యరకం. ఎర్ర మూతది బాగా చిక్కన. ఎరుపు మాత్రం సారు సెప్తేనే వాడాల, గుర్తెట్టుకోండి మేడమ్" అని మరీ మరీ చెప్పింది. అత్యవసరానికని కొన్ని ఎర్ర మూత బ్యాగులు కూడా ఇచ్చారు.

క్వార్టర్స్‌లో ఒక గది దానికే ఖాళీ చేశాను. ఎక్స్ఛేంజ్, అంటే పాత నీరు దింపి కొత్తది ఎక్కించడం, చేసేటప్పుడు కిటికీలు మూసెయ్యాలి, ఫ్యాన్ ఆపెయ్యాలి, గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు. ప్రతిసారీ నీరు దిగి, మళ్ళీ ఎక్కే దాకా మూసిన గదిలో గోడ చూస్తూ కూర్చోవాలి. బయట పిల్లలు ఆడుకుంటుంటారు. ఎవరో వచ్చి తలుపు దగ్గర ఆగి, "మేడమ్‌గారు ఆ పనిలో ఉన్నారు" అనుకుని వెళ్ళిపోవడం వినిపిస్తుంది. ఇది అంటుకునే రోగం కాదని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. అందరూ తలూపారు. అయినా మెల్లమెల్లగా సాయంత్రాలు నా అరుగు మీదికి రావడం మానేశారు. వాళ్ళని తప్పు పట్టను. వచ్చినప్పుడల్లా తలుపు మూసి ఉంటే ఎవరు మాత్రం వస్తారు? ఒంటరితనం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఏడవాలనిపించేది. ఏడిస్తే మాస్కు తడిసిపోతుందని ఆపుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా కొండ ఊళ్ళన్నీ చేసుకునే చైత్ర పండగ వచ్చింది. బ్యాగుల పెట్టెలు ఆటోలో వేయించుకుని మా ఊరు వెళ్ళాను. తమ్ముడు నాకోసం ఒక గదికి సున్నం వేయించి ఉంచాడు. మరదలు లచ్చిమి గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని, "ఎన్నాళ్ళకి వొచ్చినావు వదినా!" అంది. ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి చెయ్యి నాకు తగిలింది.

మా ఊళ్ళో పండగ రోజుల్లో ఏ గడప ముందుకు వెళ్ళినా కూర్చోబెట్టి, అడ్డాకులతో కుట్టిన డొప్పలో అంబలి పోస్తారు. పొలానికి పట్టుకెళ్ళే అంబలి పల్చగా ఉన్నా పరవాలేదు, గడపకొచ్చిన మనిషికి మాత్రం చిక్కగా పొయ్యాలి. పోసింది తాగకుండా లేవడమంటే ఆ ఇంటితో పొత్తు వద్దని చెప్పడమే. కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు కాబట్టి, రోజంతటికీ ఇంతే తాగాలని డాక్టరుగారు నాకు పెట్టిన నీటి లెక్క మూడు డొప్పలతో సరి. ఊళ్ళో ఉన్నవి ముప్ఫై గడపలు.

"రా పంతులమ్మా, కూకో" అని ప్రతి గడపా పిలుస్తోంది. మా క్వార్టర్స్‌లో ఎవరూ పిలవని నన్ను పిలుస్తున్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పైగా నేను సైన్సు టీచర్ని కదా, నా దగ్గర ఉపాయం ఉంది. ఎంత తాగితే ఏం, చిక్కటి బ్యాగు ఎక్కిస్తే ఆ నీరంతా లాగేస్తుంది. డాక్టరుగారికి ఫోన్ చేద్దామంటే ఊళ్ళో సిగ్నల్ లేదు. సిగ్నల్ లేకపోవడం నాకు కలిసొచ్చిందనే చెప్పాలి.

ఆ సాయంత్రం ఎర్ర మూత బ్యాగు ఎక్కించాను. ఎక్కించిన దానికంటే ఎంతో ఎక్కువ నీరు దిగింది. దొంగతనం చేసి దొరక్కుండా తప్పించుకున్నంత సంబరపడ్డాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కానీ దాహం పెరిగిపోయింది. నాలుక ఎండుకుపోయేది. దాహం వేస్తే తాగడం, తాగాక ఇంకో ఎర్ర మూత బ్యాగు. పండగ అయ్యేసరికి అవన్నీ అయిపోయాయి.

నా పాఠంలో సగమే గుర్తు పెట్టుకున్నాను. నీరు చిక్కన వైపుకు వస్తుంది, నిజమే. కానీ ఆ పొర చక్కెరను కూడా కొంచెం కొంచెంగా దాటనిస్తుంది. బ్యాగులోని చక్కెర నా రక్తంలోకి దిగుతోంది. ఆ దాహం దానివల్లే. రెండు వైపులా సమానమయ్యే దాకా ఊరుకోకపోవడం ద్రావణాల గుణం. పిల్లలకు ఇది చెప్పకుండా ఏ ఏడూ పాఠం ముగించలేదు.

ఆఖరి రోజు థింసా ఆడుతున్నారు. ఆడవాళ్ళంతా ఒకరి నడుము వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా నిలబడి ఉంటే, నేనూ వెళ్ళి వరసలో చేరాను. నాలుగడుగులు వేశానో లేదో కళ్ళు చీకట్లు కమ్మాయి. కాళ్ళు తేలిపోయినా కింద పడలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళ చేతులు నా నడుము చుట్టూనే ఉన్నాయి. "ఓలమ్మో, పంతులమ్మ! బేగి జీపు తెండ్రా!" అని లచ్చిమి అరవడం ఒక్కటే గుర్తుంది.

విశాఖపట్నంలో కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైన్ ఉంది. బీపీ మిషన్‌కి అందనంత కిందికి పడిపోయిందట, షుగర్ విపరీతంగా పెరిగిందట.

"ఎరుపు ఎన్ని వాడారు?" అన్నారు డాక్టరుగారు. చెప్పాను. ఆయన ఆ లెక్క కేసు షీటు మీద రాసుకున్నారు. "ఒంట్లో నీరు మొత్తం పిండేసుకున్నారు. ఆ చక్కెర ఎక్కడికి పోతుందనుకున్నారు మేడమ్?"

అంతకు ముందు నా కిడ్నీలు రోజుకు కొంచెమైనా యూరిన్ తయారుచేసేవి. ఆ దెబ్బకు అది కూడా ఆగిపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. ఇలాగే చేస్తే పొట్టలో పొర కూడా పాడవుతుందని, అప్పుడు హీమోకి మారి కొండ దిగక తప్పదని చెప్పారు. కొన్ని వారాల తర్వాత ఆ పొర ఎలా ఉందో చూడ్డానికి పెరిటోనియల్ ఈక్విలిబ్రేషన్ టెస్టు, పొట్టిగా పెట్ టెస్టు, చేశారు. ఫలితం వచ్చే దాకా నాకు అన్నం సయించలేదు. పొర బాగానే ఉంది. బడికి తిరిగి వెళ్ళొచ్చన్నారు.

కానీ ఆసుపత్రిలో లచ్చిమి అన్న మాటే నాకు ఎక్కువగా గుర్తుంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, నా వైపు చూడకుండా అంది.

"నా సేత్తోనే పోసినాను వదినా. తాగకూడదని ఒక్క మాట ఎందుకు సెప్పలేదే?"

"చెబితే పిలవరని" అన్నాను.

ఎవరికీ చెప్పని మాట అది. చెప్పాక ఏడుపు ఆగలేదు. మాస్కు లేదు కదా, తనివితీరా ఏడ్చాను. లచ్చిమి కొంగుతో నా మొహం తుడుస్తూ, "ఏటి మనిషివే నువ్వు! సదువు సెప్పీదానివి" అని తిట్టింది. చాలాసేపు తిట్టింది.

ఇప్పుడు నా నీటి లెక్క ఇంకా తగ్గింది. పసుపు, పచ్చ మూతలతో నడుస్తోంది. రోజూ బరువు చూసుకుంటాను, బీపీ చూసుకుంటాను. బడికి వెళ్తున్నాను. మూసిన గది అలాగే ఉంది, ఆ గంటలు ఇప్పటికీ బరువుగానే గడుస్తాయి. అలవాటైపోయిందని అబద్ధం చెప్పను.

నాలా ఇంట్లో డయాలసిస్ చేసుకునేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టరును అడగకుండా చిక్కటి బ్యాగు ముట్టుకోకండి. నీళ్ళు వద్దన్న సంగతి పండక్కి ముందే, పెళ్ళికి ముందే మీ వాళ్ళకు చెప్పెయ్యండి. డొప్ప చేతికొచ్చాక చెప్పలేరు. నేను చెప్పించాను. మొన్న చైత్ర పండక్కి లచ్చిమే గడప గడపకూ వెళ్ళి చెప్పి వచ్చింది. నేను భయపడింది కొంత నిజమైంది. కొన్ని ఇళ్ళవాళ్ళు, పిలిచి ఊరికే ఎలా కూర్చోబెడతామని, నన్ను చూసి పలకరింపుగా నవ్వి ఊరుకున్నారు. మనసు చివుక్కుమంది. చాలా గడపలు మాత్రం పిలిచాయి.

మా ఇంటి ముందు చుట్టాలంతా వరసగా కూర్చున్నారు. లచ్చిమి అంబలి కుండ పట్టుకుని, ఒక్కొక్కరి ముందూ డొప్ప పెట్టి పోసుకుంటూ వస్తోంది. నా వంతు వచ్చేసరికి నన్ను దాటి వెళ్తుందనుకుని తల దించుకున్నాను. తను ఆగింది. నా ముందు కూడా ఒక కొత్త డొప్ప పెట్టింది. ఏమీ పొయ్యలేదు. "ఇది నీది వదినా" అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అందరూ తాగి లేచే దాకా నేను ఆ ఖాళీ డొప్పను రెండు చేతులతో పట్టుకుని వాళ్ళ మధ్యనే కూర్చున్నాను.