ఇమ్మానుయేల్ సంతకం పెట్టని ట్రైలరు

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద ఇమ్మానుయేల్ షెడ్డుకు బోర్డు లేదు. అవసరమూ లేదు. మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత లారీని గద్వాలలో కొన్నా, నాగర్‌కర్నూల్‌లో కొన్నా జనం అడిగే మాట ఒక్కటే: "ఇమ్మానుయేల్ చూసిండా?"

అతను చూడటమంటే బండి కిందికి దూరడం. పొరలు పొరలుగా పేరుకున్న ఆకుపచ్చ రంగును కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి గీకడం. చాసిస్ మీద కొట్టిన అంకెలు బయటపడ్డాక వాటిపై కాగితం పరిచి పెన్సిలుతో రుద్దడం. అచ్చు తేలాక కింద సంతకం చేస్తాడు. ఆ కాగితం ఉంటే బండికి బేరం కుదురుతుంది. లేకుంటే ఎవరూ ముట్టుకోరు.

చదివింది ఏడో తరగతి. తల్లి ఏసమ్మ కాలువ పనుల గుంపుకు వంట చేస్తూ ఊళ్లు తిరిగింది. అతను ఆ గుంపులోనే మట్టి మోసే మిలిటరీ లారీల కింద పని నేర్చాడు. ముప్పై ఏళ్లలో అతని సంతకం ఒక్కసారీ అబద్ధం కాలేదు. అతని ఆస్తంతా అదే.

మొన్న జనవరిలో ఆ ఆస్తి మీదికే వచ్చాడు జగదీశ్. పట్టణంలో ఒక ప్రైవేటు కాలేజీ యజమాని. వేలంలో రెండు చక్రాల ట్రైలరు కొని షెడ్డుకు లాక్కొచ్చాడు. రిపబ్లిక్ డేకి కాలేజీ గేటు ముందు దిమ్మె కట్టి దాన్ని నిలబెట్టాలని ముచ్చట. పాలరాయి కూడా చెక్కించేశాడు: "1971 యుద్ధంలో శత్రువును వణికించిన ఫిరంగి శకటం." నిజం కనుక్కోవడం ఆ తర్వాతి పని కాబోలు.

ఇమ్మానుయేల్ ట్రైలరు కిందికి దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సారూ, ఇది ఎనభై ఆరుల తయారైంది. ఇరుసు మీద సంవత్సరం పోతపోసే ఉంది."

"మరి పైన ఈ నాలుగు గుండ్రటి బొక్కలేంది? ఫిరంగులు పెట్టేవి కావా?"

"బగోనెలు పెట్టేవి. లోపల మసి చూడుండ్రి. ఇది వంటబండి సారూ. అన్నం, పప్పు వండిండ్రు దీని మీద."

వెంట వచ్చిన లెక్చరర్ మానస నవ్వాపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది. జగదీశ్‌కు మండింది.

"దేశభక్తి కాడ నీ మెకానిక్ లెక్కలేంది? పిల్లలకు స్ఫూర్తి కావాలె. జర సంతకం పెట్టు, స్టేజీ మీద శాలువ కప్పిస్త."

"శాలువతోటి నేనేం జేసుకుంట సారూ? గ్రీజు గూడ తుడ్వదు, జారుతది. వంటబండి అనే రాయించుండ్రి. సిపాయిల కడుపు నింపింది, తక్కువేమున్నది?"

"లీడర్లు వస్తుండ్రు. వంటగిన్నెలకు రిబ్బన్ కట్ చెయ్యమందునా?"

"మా అమ్మ యాభై మందికి రోజూ వండింది. అన్నం వండుడు సిగ్గుపనా సారూ?"

జగదీశ్ ఆ మాటను చేత్తో తోసేసి కారు వైపు నడిచాడు. మనలో చాలామందిమీ అంతే. పేల్చినదానికి దిమ్మె కడతాం, వండినదాన్ని తుక్కుకు తూస్తాం. పైగా దానికి దేశభక్తి అని పేరు పెడతాం. ఆకలితో ఏ సిపాయి యుద్ధం చేశాడో ఈ స్ఫూర్తిదాతలు ఎన్నడైనా చెప్పారా? ఇమ్మానుయేల్ సంతకం పెట్టకుండానే ట్రైలరును తిప్పి పంపాడు.

ఇరవై ఆరున పొద్దున్నే మానస ఫోను చేసింది. "అన్నా, రాయి మీద అడుగున నీ పేరు చెక్కించిండ్రు. నువ్వే చూసి ఖాయం చేసినవని."

చేతి గ్రైండరు తీసుకుని ఇమ్మానుయేల్ నేరుగా గేటు దగ్గరికి వెళ్లాడు. మైకు సెట్టు ప్లగ్గు పీకి తనది పెట్టాడు. ఏదో చివరి మెరుగనుకుని ఎవరూ ఆపలేదు. తెల్లటి దుమ్ము లేచాక జగదీశ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? రాయి ఖరాబైతది!"

"రాయి నీది సారూ. పేరు నాది."

సారూ అన్నాడు గానీ, మీరు అనలేదు. అన్ని అక్షరాలూ పోయేదాకా చెయ్యి తియ్యలేదు. పైనున్న ఫిరంగి మాట జోలికి పోలేదు. చుట్టూ చేరినవాళ్లు మాత్రం చెరిపిన చోటును చూసి, ట్రైలరును చూసి, ఇమ్మానుయేల్ తన పేరెందుకు తీసేశాడని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. మైకు ప్లగ్గు మళ్లీ దాని చోట పెట్టేసి, కనుబొమల మీద దుమ్ముతోనే ఇమ్మానుయేల్ బండి స్టార్ట్ చేశాడు.