బాతులెరిగిన స్వెట్టర్

వసంతం వచ్చిందంటే గున్వోర్ కాఫీ గొంతులో పడకముందే బాతుల దగ్గరికి వెళ్ళేది. ముప్ఫై రెండేళ్ళుగా అదే వరస. ముందు గుమ్మంలో నిలబడి చిన్న ప్రార్థన, తర్వాత కొక్కేనికి వేలాడే బూడిదరంగు ఉన్ని స్వెట్టర్, ఆ తర్వాత వాళ్ళ చిన్న దీవి ఒడ్డు. అక్కడ సముద్రం తెచ్చి పడేసిన చెక్కలతో, రాళ్ళతో కట్టిన చిన్న గూళ్ళు యాభై దాకా ఉన్నాయి. ఏటా ఎక్కడెక్కడి నుంచో వచ్చే అడవి బాతులు వాటిలో గుడ్లు పెట్టి, తమ రొమ్ము మీది నూగునే పరిచి పొదుగుతాయి; అవి వెళ్ళిపోయాక ఆ నూగు ఏరి అమ్ముతారు. చర్చిలో పాడే కీర్తన ఏదో కూనిరాగం తీస్తూ గున్వోర్ ఒక్కో గూటి ముందు వంగి, తడిసిన నాచు తీసి ఎండు నాచు సర్దేది. ఒక్క బాతూ బెదిరేది కాదు.

బాతులు పొదిగినన్నాళ్ళూ ఆ దీవిలో ఎవరూ గొంతెత్తరు. రంగు బట్టలు ఆరెయ్యరు. చుట్టాలు గడప దాకా రారు. ఆమె భర్త ఐలెర్ట్‌కి ఆ రోజులు ఉపవాసం కంటే కష్టం. పడవ ఇంజిను మోతని మించి అరిచి అరిచి పెరిగిన గొంతు అతనిది.

ఈ ఏడు చలికాలంలో గున్వోర్‌కి అండాశయంలో కేన్సర్ బయటపడింది. మూడు వారాలకోసారి అవతలి ఒడ్డున పట్నం ఆసుపత్రిలో మందు ఎక్కిస్తున్నారు. “సగం మందికి పనిచేస్తుంది. మీ సంగతి జూన్‌లో స్కాన్ తీస్తేగాని చెప్పలేను” అంది డాక్టరమ్మ, ఏదీ దాచకుండా. తడి నాచు, పక్షుల రెట్ట ముట్టుకోవద్దని కూడా చెప్పింది.

అలా బాతుల పని ఐలెర్ట్ మీద పడింది. ఆసుపత్రికి తోడు వెళ్ళే పని, ఎదురు దీవిలో ఉండే అతని అక్క బోర్గిల్డ్ తీసుకుంది. మిగతా రోజుల్లో ఆమె చేపల సూపు గిన్నె తెచ్చి పడవల కొట్టంలో పెట్టి, పైకి రాకుండా, కిటికీ వైపు చెయ్యి ఊపి వెళ్ళిపోయేది. ఐలెర్ట్ పైకి ఒప్పుకోడు గానీ, డాక్టరమ్మ మాట తన చెవిన పడక్కర్లేని ఈ ఏర్పాటు అతనికి హాయిగానే ఉంది. “బాతుల్ని వదిలి ఎలా వస్తాను?” అనేవాడు.

మొదటి రోజు ఐలెర్ట్ ఆమె స్వెట్టర్ తొడుక్కుంటే బొత్తాలు అందలేదు.

“బాతులు నీ పొట్ట చూడవులే, పో” అంది గున్వోర్.

“కీర్తన కూడా పాడాలా?”

“నీకు పుణ్యముంటుంది, పాడకు. ఊరికే కూనిరాగం తియ్యి.”

బాతులు అతన్ని సహించాయి. ఇల్లంతా శుభ్రంగా ఉంచాలని నర్సు ఇచ్చిన కాగితంలో ఉంది. అది చదివి ఒక శనివారం ఐలెర్ట్ దుప్పట్లతో పాటు స్వెట్టర్ని కూడా ఘుమఘుమలాడే సబ్బుతో ఉతికాడు. మర్నాడు మొదటి గూటి ముందు వంగాడో లేదో, బాతు లేచిపోయింది. రెండోదీ. మూడోదీ, నాలుగోదీ. అతను వెనక్కి పరిగెత్తాడు. సాయంత్రానికి మూడు తిరిగొచ్చాయి. నాలుగో గూటిలో గుడ్లు అప్పటికే కాచుకుని ఉన్న సముద్రపు కాకుల పాలయ్యాయి.

ఆ రాత్రి అతను సూపు ముట్టలేదు.

“ఏం చేశావో చెప్పు” అంది గున్వోర్.

“స్వెట్టర్ ఉతికాను. నీకు ఏ క్రిమీ సోకకూడదనీ...”

గున్వోర్ నవ్వింది. గట్టిగా నవ్వకూడదు కనక కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా, నిశ్శబ్దంగా నవ్వింది. “ముప్ఫై రెండేళ్ళ నా వాసనంతా బకెట్లో పారబోశావన్నమాట! ఇలా తే. ఉతికావుగా, ఇప్పుడు నేను తొడుక్కోవచ్చు.”

మూడు రోజులు ఆమె ఆ స్వెట్టర్ విప్పలేదు. దానితోనే కునికింది, దానితోనే చేపలు వేయించింది. నాలుగో రోజు అతను అది తొడుక్కుని వెళ్తే ఒక్క బాతూ కదల్లేదు. ఖాళీ గూటి ముందు కూడా వంగి ఎండు నాచు సర్దాడు. ఎందుకో అతనికే తెలీదు.

స్కాన్‌కి రమ్మన్న బుధవారానికి బాతులింకా గూళ్ళలోనే ఉంటాయి. ఆ ముందు ఆదివారం బోర్గిల్డ్ పడవ రావడం చూసి గున్వోర్ మెల్లగా కొట్టం దాకా దిగింది. ఐలెర్ట్ అక్కడే తాళ్ళు చుడుతున్నాడు.

“వదినా, బుధవారం నువ్వు నాతో రావద్దు.”

“ఏం, నా కబుర్లతో విసుగొచ్చిందా?”

“వచ్చిందిలే. ఆయన వస్తాడు.”

“మరి బాతులు!” అన్నాడు ఐలెర్ట్. గొంతు పెద్దదై, దగ్గర గూటిలో ఒక బాతు తలెత్తింది. “మరి బాతులు?” అన్నాడు మళ్ళీ, గుసగుసగా.

గున్వోర్ అతని వంకే చూసింది. అతను తాడు కింద పెట్టాడు. స్వెట్టర్ విప్పి, మడిచి, అక్క చేతిలో పెట్టాడు.

“డాక్టరమ్మ ఏం చెప్పినా మేమిద్దరం పక్కపక్కన కూర్చుని వినాలి, వదినా” అంది గున్వోర్. “ఆ ఒక్క పూట గూళ్ళు చూసిపెట్టు.”