అవ్వ పెట్టిన కుండ

తొంభైల మొదట్లో కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ, ఒక పత్రిక కోసం ఎన్నికల సర్వే చేయడానికి దోమకొండ దగ్గరి పల్లెకు వెళ్లాను. ఊరి పెద్ద అయిన పటేల్ ఇంటి అరుగు మీద కూర్చుని ఊరివాళ్లను అడిగితే, అందరూ ఆయన పార్టీ పేరే చెప్పారు. పని తేలిగ్గా అయిపోయిందని సంబరంగా బస్సుకు వెళుతుంటే, వాకిట్లో బీడీలు చుడుతున్న ఒక అవ్వ ఆపింది.

"పటేల్ అరుగు మీద కూసొని అడిగితె ఎవ్వలు కాదంటరు బిడ్డా?"

పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వే ఉపాయం చెప్పింది.

"ఇంట్ల కుండ పెడ్త. పటేల్ పార్టీకి బీడీ ఆకు, ఎదుటి పార్టీకి దారం. ఒక్కొక్కలు పోయి ఏసొస్తరు."

సాయంత్రం కుండ బోర్లిస్తే, ఆకు కంటే దారమే ఎక్కువ!

సర్వేల మీద నాకు ఇప్పటికీ నమ్మకముంది. కాకపోతే, అడిగే ముందు ఎవరి అరుగు మీద కూర్చున్నానో చూసుకుంటాను.