నీళ్లు మాఫీ

పడవ మోటర్లతో పాటు వచ్చే పుస్తకాల్లో చివర ఒక పాఠం ఉంటుంది. చలికాలానికి మోటర్‌ను ఎలా దాచిపెట్టాలో అందులో చెబుతారు. మంచు పడే దేశాల వాళ్లు రాసుకున్న పాఠం అది. ఖతార్‌లో చలికాలం వచ్చిందంటేనే పడవలకు పండగ, జనమంతా సముద్రం మీదే ఉంటారు. మోటర్‌ను దాచాల్సింది ఎండాకాలానికి. బొమ్మలో ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషి చేసే పనిని మేము బనియన్లు పిండుకుంటూ చేసేవాళ్లం.

పని చెప్పడానికి తేలికే. ఉప్పునీళ్లలో తిరిగిన మోటర్‌ను ముందు మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడపాలి. లోపలి ఉప్పంతా కొట్టుకుపోవాలి. మోటర్ కింది భాగంలో రెక్కలున్న చిన్న రబ్బరు చక్రం ఒకటుంటుంది, నీళ్లను పైకి తోడి ఇంజన్‌ను చల్లబరిచేది అదే. నీళ్లు సరిగా ఎక్కితే పక్కనున్న రంధ్రంలోంచి సన్నటి ధార బయటికి పడుతుంది. మోటర్ ఉచ్చ పోస్తోంది అనేవాళ్లం దాన్ని. సిగ్గెందుకు, ఆ ధార కనిపిస్తేనే మాకు ప్రాణం కుదుటపడేది. తర్వాత పెట్రోల్ పైపు పీకేసి, మిగిలిన చుక్కలు తాగి దానంతటదే ఆగిపోయేదాకా ఉండాలి. ప్లగ్గులు విప్పి లోపల నూనె కొట్టాలి. కింద గేర్ల నూనె మార్చాలి. పాత నూనె పాలలాగా తెల్లగా వచ్చిందంటే లోపలికి నీళ్లు దిగినట్టే. అన్నీ అయ్యాక స్టాండుకెక్కించి గుడ్డ కప్పాలి. నిలబెట్టి దాచే ఈ పనిని మేము మోటర్‌ను పడుకోబెట్టడం అనేవాళ్లం, ఎందుకో అడగొద్దు.

అది చమురు ధరలు ఆకాశానికెక్కిన కాలం. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ప్రతివాడికీ ఒక పడవ కావలసి వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాపు ముందు ఎండాకాలం మొదట్లో మోటర్లు పెండ్లి భోజనాల బంతిలో జనంలాగా వరస కట్టేవి. యజమానిని అందరిలాగే నేనూ అర్బాబ్ అని పిలిచేవాణ్ణి. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, మనసు చెడ్డది కాదు. ఆయనది పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ, నాదీ అంతే. రెండు కుంటి హిందీలూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి.

నా కష్టం మోటర్లతో కాదు, చుట్టీతో. అంటే సెలవుతో. నాకు పెండ్లి కుదిరింది. ముందటి ఎండాకాలమే కావాల్సింది. మోటర్లు పడుకోబెట్టడానికి ఇంకో మనిషి లేడని అర్బాబ్ పంపలేదు. ఆయన సంతకం పెట్టనిదే దేశం దాటే వీల్లేదు కాబట్టి ముహూర్తమే వాయిదా పడింది. ఈసారి కూడా రాకపోతే వేరే సంబంధం చూసుకుంటామని పిల్ల తండ్రి కబురు పెట్టాడు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. చూసింది ఒక్కసారే అయినా, ఏడాది పొడుగునా శుక్రవారం శుక్రవారం ఫోన్ కార్డులు గీకి మాట్లాడుకున్నాం. నేను ఖతార్ అంటే తను దుబాయ్ అనేది, ఎన్నిసార్లు దిద్దినా అంతే. మోటర్లను ఎండాకాలం పడుకోబెడతామని ఒకసారి గొప్పగా చెప్పుకున్నాను.

"దుబాయ్‌ల మోటర్లకు గూడ సెలవు దొరుకుతది. నీకే దొరకదా?" అంది.

నవ్వొచ్చింది.

అర్బాబ్‌ను పట్టుకుని పీడించగా పీడించగా ఒక షరతు పెట్టాడు. ఒక మనిషిని నువ్వే తెచ్చుకో, పని నేర్పు, నా సొంత పడవ మోటర్‌ను వాడు ఒక్కడే పడుకోబెట్టి చూపిస్తే నువ్వు పో అన్నాడు. అలా మా బావ వచ్చాడు, మా అక్క మొగుడు. జగిత్యాల దిక్కు ఊళ్లో వ్యవసాయం. బావకు మోటర్లేం కొత్త కాదు, బోరు ఎండినప్పుడల్లా మోటర్ కాలబెట్టుకుని, పైకి లాగి, బాగు చేయించి చేయించి విసిగిన మనిషి. నీళ్లు లేక నడిస్తే మోటర్ గతేమవుతుందో ఆయనకు నేను చెప్పాలా అనుకున్నాను.

నాకు ముక్కు మీద కోపం. పాన తిప్పడం ఆలస్యమైతే అరిచేవాణ్ణి, ప్లగ్గు ఇసుకలో పెడితే ఇంకా అరిచేవాణ్ణి. బావ నన్ను మేస్త్రీ గారూ అని వెక్కిరించేవాడు. మీ అక్క నోరే పెద్దదనుకున్న గని, నీ ముంగట ఆమె దేవత అనేవాడు. మాటకు మాట ఉన్నా పని మాత్రం శ్రద్ధగా పట్టుకున్నాడు. మధ్యమధ్య అరబ్బీ ముక్కలూ నేర్పాను. మాయ్ అంటే నీళ్లు, యల్లా అంటే నడువు, ఫులూస్ అంటే పైసలు. మాఫీ అనే మాట మాత్రం నేర్పలేదు. పొద్దున లేస్తే ప్రతివాడి నోట్లో నానే మాట, దానికి కూడా పాఠం కావాలా అనుకున్నాను.

బావ వచ్చి పట్టుమని పక్షం కాలేదు, పరీక్ష రోజు వచ్చింది. అర్బాబ్ సొంత మోటర్‌ను డ్రమ్ములోకి దించాం. నేను గేరు నూనె కోసం పక్క వీధికి వెళ్లాను. డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి గేటు దగ్గర అర్బాబ్ కారు ఆగి ఉంది. పైన ట్యాంకు ఖాళీ అయిందో ఏమో, కొళాయిలోంచి చుక్క రావడం లేదు, డ్రమ్ము అడుగు కనిపిస్తోంది. బావ మోటర్ స్టార్టు చేసే తాడు పట్టుకుని, పీకాలా వద్దా అని కొళాయి వంకా మోటర్ వంకా చూస్తూ నిలబడ్డాడు. అర్బాబ్ కారు కిటికీలోంచి తల బయటపెట్టి తన పెద్ద గొంతుతో అరిచాడు.

"మాయ్ మాఫీ!"

బావ మొహం విప్పారింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, వంగి, ఒక దండం పెట్టి తాడు పీకాడు. మోటర్ గర్జించింది. అర్బాబ్ రెండు చేతులూ ఊపుతూ మాయ్ మాఫీ, మాయ్ మాఫీ అని గొంతు చించుకున్నాడు. బావ కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేను డబ్బా అక్కడే పడేసి పరుగెత్తాను. నేను చేరేలోపే పొగ లేచింది, కాలిన రబ్బరు కంపు. ఇంజన్ ఆపే ఎర్ర తాడు లాగాను. అర్బాబ్ కారు దిగలేదు. నా వైపు చూసి, చుట్టీ మాఫీ అని రెండే ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు.

నేను బావ మీద పడ్డాను. నీళ్లు లేకుండా మోటర్ నడుపుతారా, బోరు మోటర్ కాలినప్పుడల్లా ఏడ్చిన మొహానికి ఆపాటి తెలియదా అని మొదలుపెట్టి నోటికొచ్చినవన్నీ తిట్టాను. బావ బిత్తరపోయాడు.

"నేనెట్ల నడుపుత బామ్మర్ది, నేను ఆగిన్నే గదా. సేటే నీళ్లు మాఫీ అన్నడు. మన దిక్కు లోను మాఫీ, కరెంటు బిల్లు మాఫీ అంటరు గదా. గట్లనే నీళ్లు మాఫీ చేసిండు, ఈ మోటర్‌కు నీళ్లు అక్కర్లేదు గావొచ్చు అనుకున్న."

మాఫీ అంటే అరబ్బీలో లేదు అని అర్థం. నీళ్లు లేవురా నాయనా, ఆపు అని ఆ మనిషి మొత్తుకుంటే, ఈయన వరం ఇచ్చినట్టు దండం పెట్టాడు. విడమరిచి చెప్పాను. బావ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. కాసేపటికి, మొన్న కెఫెటేరియాలో సమోసా మాఫీ అంటే పైసలు మాఫీ అనుకొని శానా సేపు నిలవడ్డ, ఆడు ఇయ్యనే ఇయ్యలే అన్నాడు నీరసంగా. అంత ఏడుపులోనూ నాకు నవ్వాగలేదు. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

బావ మాత్రం కూలబడి ఉండిపోలేదు. మోటర్ కింది భాగం ఆయనే విప్పాడు. రబ్బరు రెక్కలు మాడి ముక్కలైపోయి నీళ్లు ఎక్కే దారిలో ఇరుక్కున్నాయి. ఒక్క ముక్క లోపల మిగిలినా కొత్త చక్రం వేసి లాభం లేదు. సన్నటి తీగ వంచి ఒక్కొక్కటే పీకి, పాత పేపరు మీద చక్రం ఆకారంలో పేర్చుకుంటూ పోయాడు. రెక్కలన్నీ పూర్తయి, కొత్త చక్రం బిగించేదాకా అన్నం ముట్టలేదు. నువ్వు నడుం వాల్చు, నేను చూస్తా అన్నా వినలేదు.

మర్నాడు అర్బాబ్ కారు దిగేసరికి డ్రమ్ము నిండి నేల మీదికి పొర్లుతోంది. అంచులు తాకే నీళ్ల పక్కన బావ సిపాయిలాగా నిలబడి ఉన్నాడు. మాఫీ అంటే లేదు అయితే, ఉంది అనడానికి ఏమనాలని పొద్దున నన్ను అడిగి, ఫీ అనాలని తెలుసుకున్నాడు.

"అర్బాబ్, మాయ్ ఫీ" అన్నాడు.

అర్బాబ్‌కు అర్థం కాలేదు. ఏమైంది వీడికి అన్నట్టు నా వంక చూశాడు. ఇక దాచి చేసేదేముంది, మా మాఫీ ఏమిటో, మీ మాఫీ ఏమిటో, మధ్యలో మోటర్ ఎలా కాలిందో నా కుంటి హిందీలో చెప్పాను. మాఫ్ కరో అనే మాట డ్రైవర్ల దగ్గర ఎన్నోసార్లు విన్న మనిషి కాబట్టి సగంలోనే అందుకున్నాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. టైరు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఎవరికో ఫోన్ చేసి చెప్పి మళ్లీ నవ్వాడు. బావ ఎవరినీ చూడలేదు. తాడు పీకాడు, ధార పడింది, పెట్రోల్ పైపు తీశాడు, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నిలబడ్డాడు. ప్లగ్గులు, నూనె, గేర్లు, నేను ఒక్క మాట అందించాల్సిన పని లేకుండా అన్నీ ముగించి గుడ్డ కప్పాడు. అర్బాబ్ పాత నూనెను వేళ్ల మధ్య రాసి చూసుకున్నాడు. నా వైపు తిరిగి, చుట్టీ, అని ఆగాడు. బావ కళ్లు మూసుకున్నాడు.

"చుట్టీ ఫీ" అన్నాడు అర్బాబ్.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. సంబరంలో తెలుగు మర్చిపోయి, చుట్టీ ఫీ అని అరిచాను.

"చుట్టీకి ఫీజు కట్టాల్నా? గిదేం దేశం" అంది.

ఫీజూ లేదు గీజూ లేదు, పుణ్యానికే ఇచ్చిండు అన్నాను. నేను బయల్దేరే రోజు బావ పెట్టె మోసుకొచ్చి కారులో పెట్టాడు. నువ్వు రాని పెండ్లి ఏం పెండ్లి బావా అంటే, నేనొస్తే ఈ మోటర్లకు జోల ఎవరు పాడుతరు, పో అన్నాడు నవ్వుతూనే.

పెండ్లి పందిట్లో అక్క ఒక్కతే కూర్చుంది. పట్టుచీర కట్టుకుని, అందరితో నవ్వుతూ మాట్లాడుతూనే మాటిమాటికీ పక్క కుర్చీ వైపు చూసుకుంటోంది. తలంబ్రాలయ్యాక బావ ఫోన్ చేశాడు. అక్క మాట్లాడి, కొంగుతో కళ్లద్దుకుని ఫోన్ నాకిచ్చింది. నా చేతిలోంచి పెండ్లికూతురు అందుకుంది. అన్నా, మోటర్లు పడుకున్నయా అని అడిగింది. అన్నీ పడుకున్నాయని, ఇంక తన మీద అరవడానికి ఎవరూ లేక హాయిగా ఉందని అవతలి నుంచి పెద్దగా వినబడింది. పెండ్లికూతురు నవ్వింది. ఫోన్ తిరిగిస్తూ అక్క వైపు చూసి నా చెవి దగ్గర అంది.

"పుణ్యానికే అంటివి. అన్న కట్టిండు గదా ఫీజు."

పైఏడు ఎండాకాలం చుట్టీ బావది. మోటర్లన్నీ నేనొక్కణ్ణే పడుకోబెట్టాను. ఊళ్లో అక్క పక్కన కూర్చుని మామిడిపండ్లు జుర్రుకుంటూ ఫోన్ చేసి, డ్రమ్ముల నీళ్లున్నయా మేస్త్రీ గారూ అని అడిగేవాడు.

ఫీ బావా, అనేవాణ్ణి.