స్పెయిన్ వెళ్ళకపోవడానికి నేను చెప్పిన సాకులు

నవంబరు మొదట్లో టీచర్ల సమావేశాలని న్యూజెర్సీ స్కూళ్ళకి రెండు మూడు రోజులు సెలవులిస్తారు. కిందటేడు వాటికి ఇంకో రెండు రోజులు కలిపి స్పెయిన్ సముద్రతీరానికి వెళ్దామని మా అమ్మాయి పట్టుబట్టింది. దానికి పదిహేడేళ్ళు. మరుసటేడు కాలేజీకి వెళ్ళిపోతుంది కాబట్టి నలుగురం కలిసి వెళ్ళే ఆఖరి ప్రయాణం ఇదేనని దాని వాదన. పధ్నాలుగేళ్ళ తమ్ముడు వైఫై ఉంటే చాలన్నాడు.

వెళ్ళలేమని నాకు మొదటిరోజే తెలుసు. మా ఆయనది హెచ్‌వన్‌బి ఉద్యోగ వీసా, నాదీ అమ్మాయిదీ ఆయన మీద ఆధారపడిన వీసాలు. ఇక్కడ ఉండడానికి కాగితాలు సరిగానే ఉన్నాయి గానీ, పాస్‌పోర్టుల్లో వీసా ముద్రల గడువు ఎప్పుడో అయిపోయింది. ఒకసారి దేశం దాటితే, ఇండియా వెళ్ళి కొత్త ముద్ర వేయించుకునేదాకా తిరిగి రాలేం. దానికి నెలల తరబడి అపాయింట్‌మెంట్లు దొరకడం లేదు. ఇక్కడే పార్సిప్పనీలో పుట్టి అమెరికా పౌరుడైన అబ్బాయికి ఈ బాధ లేదు. రెండేళ్ళప్పుడు మా చంకనెక్కి వచ్చిన అమ్మాయికి ఉంది.

చదువుకునే పిల్లకి వీసా దిగులెందుకని మేమిద్దరం దానికి ఏమీ చెప్పలేదు. మామూలుగా వీసా గొడవలన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. పిల్లలు పక్కనుంటే మాత్రం అచ్చతెలుగులోకి దిగేవాళ్ళం. మా తెలివికి మేమే మురిసిపోయేవాళ్ళం కూడా.

ముందు సముద్రం చల్లగా ఉంటుందన్నాను. మర్నాటికల్లా నీళ్ళ ఉష్ణోగ్రతల పట్టిక తయారుచేసుకొచ్చింది. "మమ్మీ, జూన్‌లో జెర్సీ షోర్ ఎంతో ఇది కూడా అంతే. స్విమ్ చేయచ్చు." డాడీకి లీవు దొరకదన్నాను. తిన్నగా వెళ్ళి ఆయన్నే అడిగింది. ఆ మహానుభావుడు ఏ ధ్యాసలో ఉన్నాడో, "లీవ్‌కేముంది, బోలెడుంది" అనేశాడు. చివరికి అక్కడ మన తిండి దొరకదన్నాను. ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లలో కొనాల్సిన పచ్చళ్ళ, ఉప్మా ప్యాకెట్ల లిస్టు చేతిలో పెట్టింది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడల్లా నాకు కోపమొస్తుంది. "అన్నీ నీకే తెలుసా? పెద్దవాళ్ళు చెప్పింది విను!" అని అరిచాను. అది పైకి వెళ్ళిపోయింది.

ఆ శనివారం నేను గిన్నెలు సర్దుతుంటే, పాస్‌పోర్టుల ఫైలూ ల్యాప్‌టాప్పూ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నాకు శ్రమ తగ్గిద్దామని స్పెయిన్ వీసా అప్లికేషన్లు తనే నింపడం మొదలుపెట్టిందట. అమెరికాకి తిరిగి రాగలమని రుజువు చూపించమని అందులో ఉంది.

"నాది ఎక్స్‌పైర్ అయింది. నీది, డాడీది కూడా. వెళ్తే నేను బ్యాక్ రాలేనా?"

చేతిలో గిన్నె పక్కన పెట్టాను. వెంటనే రాలేవన్నాను.

"తమ్ముడు?"

"వాడు రాగలడు."

"కోల్డ్ వాటర్ అన్నావు. లీవ్ అన్నావు. ఫుడ్ అన్నావు. త్రీ వీక్స్ మమ్మీ! నాకు చెప్తే ఐపోయేది కదా."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, దగ్గరికి తీసుకునేదాన్ని. "నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నాను. అదీ పూర్తి నిజం కాదు. బాధపడుతున్న దాని ముఖం చూసే ధైర్యం నాకే లేదు.

ఫైలు మూసి బల్లమీద పెట్టింది. "ఇంకా ఏమైనా ఉందా, నాకు చెప్పనిది?"

ఉంది. దానికి ఇరవై ఒకటి నిండేలోపు మాకు గ్రీన్‌కార్డు రాకపోతే, అది మా వీసా కింద ఉండడానికి వీల్లేదు. వేరే వీసా దొరక్కపోతే, తనకి తెలిసిన ఒకే ఒక్క దేశం విడిచి వెళ్ళాలి. మేమున్న క్యూ చూస్తే అప్పటికి కార్డు రాదు. ఈ సంగతి మా ఇద్దరికీ ఏళ్ళుగా తెలుసు.

"ఏం లేదమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నా ముఖంలోకే చూస్తోంది.

చేతులు తుడుచుకుని, కుర్చీ దాని ముందుకు జరిపి, కూర్చోమన్నాను.