స్నానాల నీళ్ళు తాగిన బస్సు

ఈ పొద్దున చలికి మనవడి పాత డీజిల్ కారు ఎంతకీ స్టార్టు కాలేదు. నా చిన్నప్పుడు మా ఊరు చాకవేలులో ఇంటి ముందు ఆగే బస్సు గుర్తొచ్చింది. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి లేపే బస్సులు, మీకూ గుర్తే కదా?

ఒక చలికాలం పొద్దున డ్రైవరు తిప్పి తిప్పి అలసిపోయాడు. బస్సులో మా పట్టుగూళ్ళ బుట్టలున్నాయి. చింతామణి గూళ్ళ సంతకు ఆలస్యమైతే పురుగు గూడు చీల్చుకుని బయటికొస్తుంది, దారం దక్కదు.

"రేడియేటర్లో చన్నీళ్ళు బయటికి వదిలేయప్పా," అంటూ అమ్మ మా స్నానాల వేణ్ణీళ్ళు బిందెతో తెచ్చింది.

"వేడికి ఇనుము పగులుతాదమ్మా!" అన్నాడు డ్రైవరు.

"పసిబిడ్డకు పోసినట్ల పోస్తాలే."

గోరువెచ్చగా మొదలుపెట్టి, మెల్లగా వేడి పెంచింది. నాలుగో బిందె తర్వాత హ్యాండిల్ తిప్పితే బస్సు దగ్గి, లేచింది. ఆ రోజు మాకెవరికీ స్నానాల్లేవు.

ఆ చలికాలమంతా డ్రైవరు హ్యాండిల్ ముట్టుకోకముందే మా వాకిట్లో నిలబడి అడిగేవాడు: "అమ్మా, నీళ్ళు కాగినాయా?"