చిటికెడు నాచు

"ఏటే, గిన్నెడు నానబెట్టీసినావు? సముద్రం నాచంటే బచ్చలికూరనుకున్నావేటి?"

"జ్వరానికి మందులు మింగి మింగి నా పొట్ట పాడైపోనాది మామ్మా. లోపలున్న మంచి బ్యాక్టీరియాకి ఇదే మేతంట. ఎక్కువ తింటే ఏటౌద్ది?"

"ఒక్కపాలే అంత మేత పెట్టీకూడదు. సగం తీసీ."

"ఓలమ్మ, మూడో తరగతి డాక్టరమ్మ సెప్పొచ్చింది!" అని నా మనవరాలు పావని నవ్వింది.

తడి వలను మడతపెట్టి ఉంచినట్టు వంటింటి నిండా పచ్చి ఉప్పు వాసన. ఆ వాసనకు నూకాలత్త గుర్తొచ్చింది.

నూకాలత్త మాకు చుట్టం కాదు, జాలరిపేటలో పక్కింటావిడ. కాపురానికి వచ్చిన కొత్తలో చేప కొయ్యడం, ఎండబెట్టడం, బేరంలో మాట పడకుండా నిలబడడం నాకు ఆవిడే నేర్పింది. వలకు పట్టిన నాచును అందరూ దులిపి పారేస్తే, ఆవిడ మంచిది ఏరి, కడిగి, ఎండబెట్టి, నలిపి అంబలిలో వేసేది. అదీ చిటికెడే. తాళ్లకు నాచు కట్టి పెంచడం నేర్పడానికి వచ్చిన మేడం అంతే వెయ్యమని చెప్పిందట. "మన పేగుల్లో కంటికి ఆనని జీవాలుంటాయే అమ్మీ. కొత్త కూడు ఆటికి మెల్లగా అలవాటు సెయ్యాల" అనేది.

ఆవిడ ఆసుపత్రి నుంచి సగమై తిరిగి వచ్చినప్పుడు ఏం తిన్నా కడుపులో ఇమడలేదు. నేను రోజూ చిటికెడు నాచు వేసి అంబలి కాచి ఇచ్చాను. వారానికి కాస్త తేరుకుని గుమ్మం దాకా నడిచింది. ఆ రోజే డబ్బాలో మిగిలిన నాచుకు చెమ్మ తగిలింది. మర్నాటికి పాడవుతుంది. ఏదీ పారేయలేని చెయ్యి నాది. మొత్తం అంబలిలో వేసేశాను.

మధ్యాహ్నానికి ఆవిడ కడుపు ఉబ్బిపోయింది. నొప్పికి మెలికలు తిరిగిపోయింది.

"ఎంతేసినావే?" అని అడిగింది.

"రోజూ ఏసినంతే అత్తా. సిటికెడే."

ఆవిడ గోడవైపు తిరిగింది. "సిటికెడు కూడా ఇమడనేదంటే, ఇంక నా పనైపోనట్టే."

అబద్ధమాడానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నొప్పి రెండు రోజుల్లో తగ్గింది గానీ ఆవిడ మళ్లీ అంబలి ముట్టలేదు. నెల తిరక్కుండా పోయింది. పాత జబ్బే తీసుకుపోయిందన్నారు. కావచ్చు. బతుకు మీద ఆశ తీసింది మాత్రం నా మాట. ఇన్నేళ్లూ దాన్ని మోస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం పావనికి ఇదంతా చెప్పాను. అది గిన్నెలోంచి చాలావరకు నాచు తీసేసింది. "ఆళ్లింట్లో సెప్పినావా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే నూకాలత్త కొడుకు సింహాచలం ఇంటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. మొత్తం చెప్పాను. తలెత్తకుండా విన్నాడు.

"సివరిదాకా నీ పేరే తలిసింది వదినా" అన్నాడు. "ఇప్పుడెందుకు సెప్పినావు?"

వల అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.